ఫొటోలో పడని కొట్లాట

మా వీధిలో ఎవర్నైనా అడగండి, మా మనవరాలి కడుపులో జరిగే యుద్ధాన్ని నేను కళ్లారా చూసినానని చెప్తారు. తెల్లకణాలు బారులు తీరి రావడం, క్లోమం గోడలెక్కి దూకడం, లోపల ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఒక్కొక్కదాన్నే పట్టి నమలడం, అన్నీ చెప్తారు. మీకెట్ల తెలుసు అంటే, "ఆ సారే చెప్పినాడు, ఫొటో తీసినాడు గదా" అంటారు.

నేను చూడలేదు. ఫొటో తీయలేదు. అట్లాంటి ఫొటో తీసే యంత్రం ఆ రోజుల్లో కడపలోనే కాదు, నాకు తెలిసిన ఏ ఊర్లోనూ లేదు.

ఇది మొదట్లోనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకొక జబ్బు ఉంది. పిడికెడు సంగతి ఉంటే గంపెడు చేసి చెప్తాను. చెప్పినాక మనసు ఊరుకోదు. మళ్లా గంపలోంచి తీసి తీసి పిడికెడు దగ్గరికి వస్తాను. మా ఇంటామె దీనికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. నా మాటలో ముప్పాతిక తీసేసి మిగిలింది వింటుంది. ఒక్కసారి మాత్రం తీసేయకుండా మొత్తం నమ్మింది. ఆ ఒక్కసారి మా మనవరాలి ప్రాణం మీదికి వచ్చింది.

నేను కర్నూల్లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ని. ముప్పై ఏండ్లు దాటి చీకటి గదిలో, మందునీళ్ల వాసనలో బతికినాను. లక్ష ఎముకలు చూసినానని చెప్పుకునేవాణ్ని. ఎవరు లెక్కపెట్టినారు? శానా చూసినాను, అంతే.

మా సీమలో ఎక్స్‌రే ఫిల్ముకు ఉండే మర్యాద డాక్టరు చీటీకి లేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుంటారు. ఫిల్మును మాత్రం వంగకుండా రెండు చేతుల్తో పట్టుకుంటారు. బస్సులో తమకు సీటు దొరక్కపోయినా దాన్ని మాత్రం ఎవరో ఒకరి ఒళ్లో కూచోబెట్టి నంద్యాలకో ఆళ్లగడ్డకో తీసుకుపోతారు. ఇంటికి పోయినాక కిటికీ ఊచలకు ఆనించి చుట్టాలందరికీ చూపిస్తారు. "ఇదో, ఈడ మబ్బు మాదిరి ఉండాది చూడు" అంటాడు మేనమామ. అది మబ్బు కాదు, గుండెకాయ. అయినా అందరూ తల ఊపుతారు. ఫొటోలో పడితే అది జబ్బు. పడకపోతే గాలి, కాకపోతే దిష్టి, అదీ కాకపోతే పని ఎగ్గొట్టే వేషాలు.

"సార్, ఫొటోలో పడిందా?" ఇదొక్కటే అడిగేవాళ్లు నన్ను. దానికి జవాబు చెప్పాల్సింది డాక్టరు. నా పని ఫిల్ము తీసి ఇవ్వడం వరకే. కానీ ఫిల్ము ఇంకా క్లిప్పుకు వేలాడతా నీళ్లు కారుతుండగానే, వరండాలో గొంతుక్కూచున్న ముసలామె మొగం చూస్తే నా నోరు ఆగేది కాదు. "ఏమీ లేదు పోమ్మా, బంగారంగా ఉండాది" అనేవాణ్ని. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేది. ఆ దండానికి అలవాటు పడిపోయినాను. ఎన్నిసార్లు తప్పు చెప్పినానో నాకు తెలీదు. మా ఇంట్లో మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదని చెప్పినాను.

రిటైరైనాక కడపకు వచ్చి, బండల వ్యాపారం చేసే మా కొడుకు ఇంటి పక్క వీధిలో ఇల్లు తీసుకున్నాం. పొద్దుపోక ఒక చిన్న స్కానింగు సెంటర్లో పగటిపూట కూచునేవాణ్ని. "సెంటరు మొత్తం నా మీదే నడుస్తాంది" అని ఇంట్లో చెప్పినాను. నేను చేసేది పేషెంట్లను వరసలో పిలవడం, స్కానింగు అయినాక కడుపు మీది జెల్లు తుడుచుకోను గుడ్డ ఇవ్వడం. గుడ్డల సంగతి ఇంట్లో చెప్పలేదు.

రెండువేలు దాటి నాలుగైదేండ్లయిన కాలం అది. శివరాత్రికి ముందే ఎండలు మొదలైనాయి. మా కొడుకు కూతురికి అప్పుడు తొమ్మిదేండ్లు. ఆ పిల్ల నీళ్లు తాగడం మొదలుపెట్టింది. బడికి తీసుకుపోయిన బాటిలు మొదటి గంటకే ఖాళీ, తర్వాత పక్క పిల్లల బాటిళ్లు. ఇంటికొస్తే కుండ దగ్గరే కాపురం. వేరే ఊర్లో అయితే ఎవరో ఒకరు అనుమానపడేవాళ్లేమో. కడపలో ఎండాకాలం దప్పికను ఎవరు పట్టించుకుంటారు? కోడలు ఒకరోజు, "మామా, పాప గౌను నడుము దగ్గర వదులైపోతాంది" అంది. "ఎండలకు వాడిపోయింటాది, సాయంత్రం పూట మజ్జిగ పొయ్యి" అన్నాను. ఆసుపత్రిలో జీవితం గడిపినవాడి సలహా అది.

ఇంకో పది రోజులకు పిల్లల డాక్టరు దగ్గరికి పోతే ఆయన రక్తం చూసి చెప్పినాడు. సుగరు. మిఠాయిలు తిన్నందుకు వచ్చింది కాదు, ఎవరి తప్పూ కాదు. ఒంటికి కాపలా కాయాల్సిన తెల్లకణాలే పొరపాటుపడి, ఇన్సులిన్ తయారుచేసే సొంత కణాల్ని పరాయివనుకుని తినేస్తున్నాయి. రోజుకు రెండు సూదులు. "అన్నం మానినా మానొచ్చు గానీ సూది మానకూడదు" అని రెండుసార్లు చెప్పినాడు.

ఇల్లంతా సూది చుట్టూ తిరగడం మొదలైంది. కరెంటు పోతే ఫ్రిజ్జును నమ్మేది లేదని మా ఆమె తడి ఇసుకలో చిన్న మట్టికుండ పెట్టి, మందుసీసా దాంట్లో దాచింది. కోడలు ఊర్లో లేనప్పుడు తనకూ చేతకావాలని వంకాయ మీద పొడిచి నేర్చుకుంది. మూడు వంకాయలు పోయినాయి. భయం మాత్రం పోలేదు.

మనవరాలికి ఏడుపు మొదటి వారమే. తర్వాత ప్రశ్నలు.

"తాతా, వాటిని ఎవురన్నా చూసినారా?"

"వేటిని?"

"నా లోపల తింటాండే వాటిని."

"డాక్టరుకు తెలుసులే."

"తెలవడం గాదు. చూసినారా అని."

నేను పేపరు మడిచినాను. "కంటికి కనపడేవి గావు అమ్మీ."

"ఎముకలు కంటికి కనపడవు గదా, నువ్వు చూసినావు. పిన్నీసు మింగినోళ్ల కడుపులో పిన్నీసు చూసినానంటివి."

"చూసినా."

"ఇవి పిన్నీసు కన్నా చిన్నవా?"

"శానా చిన్నవి."

"ఐతే నీ చేత గాదు" అని తేల్చేసి ఆటకు పోయింది.

చేతగాదు అనే మాట నాకు పడదు. "మళ్లా చెప్పు, ఎవురి చేత గాదు? నా చేతిలో సెంటరే ఉండాది. చూపిస్తా రా!" అని వీధి మలుపు దాకా వినపడేటట్టు అరిచినాను.

ఒకరోజు మధ్యాహ్నం సెంటర్లో ఎవరూ లేనప్పుడు పిల్లను తీసుకుపోయినాను. స్కానింగు చేసే డాక్టరమ్మ కర్నూలు పక్క అమ్మాయి, నన్ను సార్ అని పిలిచేది. పిల్ల సరదా కోసం ఒకసారి చూడమని బతిమాలితే, "రా పాపా, పడుకో" అంది. తెర మీద బూడిదరంగు మబ్బులు కదిలినాయి. పిల్ల సన్నంగా ఉంది కాబట్టి పొట్ట వెనకాల దాక్కునే క్లోమం కూడా బాగానే కనపడింది.

"చూడను బాగుంది సార్" అంది డాక్టరమ్మ. ఆ వెంటనే, "కానీ సుగరు గురించి దీంట్లో మనకు తెలిసేదేమీ ఉండదు" అంది.

నేను రెండు మాటలూ విన్నాను. ఇంటికి మోసుకుపోయింది మొదటిది ఒక్కటే.

డాక్టరమ్మ చేతులు కడుక్కోను పోయినప్పుడు, పిల్ల తెర వైపు చూస్తా, "యాడ తాతా అవి?" అంది. ఆ పిల్ల కండ్లు అప్పుడు మీరు చూసుంటే మీరు కూడా అబద్ధం చెప్పింటారు. తెర మీద యంత్రం రాల్చిన రవ్వలాంటి చుక్కలుంటాయి, ఎవరి కడుపు చూసినా ఉంటాయి. వాటిని వేలితో చూపించి, "ఇదో, ఇవే" అన్నాను.

"ఇవి కదలకుండా ఉండాయే?"

అదిగో, ఆ ప్రశ్నకు తెలీదని చెప్పుంటే అయిపోయేది. "అలిసిపోయినాయి" అన్నాను. పిల్ల ఊపిరి బిగబట్టింది. నాకు ఇంకా ఊపు వచ్చింది. "కొట్లాట అయిపోయినట్టుండాది."

డాక్టరమ్మ తెర మీది బొమ్మను అచ్చువేసి ఇచ్చిన చిన్న నున్నటి కాగితాన్ని వీధంతా చూపించినాను. పక్కింట్లో ఆటో నడిపే భాయికి చూపించినాను. పాలామెకు చూపించినాను. చెప్పిన ప్రతిసారీ చుక్కలు ఎక్కువైనాయి. రెండోరోజుకు బారులు తీరినాయి. మూడోరోజుకు గోడలెక్కినాయి. ఇంట్లో మా ఆమె మాత్రం కథ ఏదీ అడగలేదు. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, "క్లోమం బాగుండాదా?" అని ఒక్కమాట అడిగింది.

"బంగారంగా ఉండాది" అన్నాను.

ఎప్పటిలాగా ముప్పాతిక తీసేయలేదు ఆమె. ఆ రోజు తీసేయడానికి మనసు రాలేదు.

దానికి తోడు, సూదులు మొదలైనప్పటి నుంచి పిల్ల మళ్లా నిండుగా అయింది. బుగ్గలు వచ్చినాయి. మొదట్లో కొన్నాళ్లు అట్ల ఉంటాదని, దాన్ని చూసి మోసపోవద్దని డాక్టరు ముందే చెప్పినాడు. ఆ మాట ఎవరికి గుర్తుంటాది?

శ్రీరామనవమి వచ్చింది. బండల వ్యాపారులంతా కలిసి ఒంటిమిట్టలో భక్తులకు మజ్జిగ పోస్తామని మొక్కుకున్నారు. మా కొడుకూ కోడలూ పొద్దున పిల్లకు సూది వేసి, మూడు రోజులకని మా దగ్గర వదిలి పోయినారు. ఆ సాయంత్రం మా ఆమె కుండలోంచి సీసా తీసి, సిరంజి పట్టుకుని నిలబడింది. పిల్ల తొడ మీద గౌను ఎత్తి పట్టుకుని కండ్లు మూసుకుని ఉంది.

"ఏమయ్యా" అంది మా ఆమె నా దిక్కు తిరిగి. "ఫొటోలో ఏమీ లేదంటివి. కొట్లాట అయిపాయె అంటివి. మళ్లా ఈ బిడ్డను దేనికి పొడిచేది?"

పిల్ల ఒక కన్ను తెరిచింది.

నిజం చెప్పడానికి నాకు దొరికిన మంచి అదను అది. చెప్తే ఏమయ్యేది? ఆ కాగితం, ఆ కథ, వీధిలో నా పేరు, అన్నీ పోయేవి. మా ఆమె ముందు, తొమ్మిదేండ్ల పిల్ల ముందు, తెలీనోణ్నయ్యేవాణ్ని.

"రెండు పూటలు చూద్దాంలే" అన్నాను.

నేను మానమని చెప్పలేదని తర్వాత కొన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. చూద్దాంలే అంటే మానడమే. పిల్ల మంచం మీద ఎగిరింది. మా ఆమె సిరంజి దాచిపెట్టి దేవునికి దీపం పెట్టింది. మర్నాడు పండగ, బెల్లం పానకం చేసింది, పిల్ల రెండు గ్లాసులు తాగింది. రెండు పూటలు మూడు దినాలైనాయి.

నాలుగో రోజు తెల్లారి పిల్ల లేచి వాంతి చేసుకుంది. పండగ తిండి అరగలేదనుకుంది మా ఆమె. ఇంకో గంటకు పిల్ల గోడకు ఆనుకుని ఊపిరి తీస్తా ఉంది. పరిగెత్తి వచ్చినదాని మాదిరి, లోతుగా, ఆగకుండా. పరిగెత్తలేదు, కూచునే ఉంది. దగ్గరికి పోతే నోట్లోంచి మాగిపోయిన పండు వాసన. ఆ ఊపిరి నాకు తెలుసు. ఛాతీ ఫొటో కోసం అట్లాంటి ఊపిరితో స్ట్రెచర్ మీద తోసుకొచ్చినవాళ్లను నేను ఎక్స్‌రే పలక మీద పడుకోబెట్టినాను. వాళ్లలో అందరూ తిరిగి పోలేదు.

పక్కింటి భాయి ఆటో తీసినాడు. పిల్ల మా ఆమె ఒళ్లో, నేను అంచున వేలాడతా. భాయి ముందుకు చూస్తా నడుపుతానే అడిగినాడు.

"ఏం సారూ, నిన్నగాక మొన్న చూపిస్తిరే ఫొటో, దాంట్లో అంతా అయిపోయిందంటిరే?"

"నడుపు భాయ్."

"నడుపుతాండా. మా బీవీకి గూడా సుగరే గదా, ఆ ఫొటో ఆమెకూ తీపిద్దామని అనుకుంటి, అందుకని అడుగుతాండా."

మా ఆమె నా మొగం చూసింది. పెండ్లయి నలభై ఏండ్లు, నా గంపలోంచి పిడికెడు తీసుకోవడం తెలిసిన మనిషి. ఆటో రైల్వే గేటు దాటే లోపల ఆమెకు మొత్తం అర్థమైపోయింది.

ఆసుపత్రిలో మొదట సుగరని చెప్పిన డాక్టరే పిల్లను చూస్తానే సెలైను పెట్టమన్నాడు, రక్తం తీయమన్నాడు. చేతులు ఆడుతుండగానే అడిగినాడు. "ఎన్ని సూదులు తప్పినాయి?"

"ఒకటి సార్" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "నాకు నిజం గావాల. ఎంత మందు ఇయ్యాల్నో దాన్ని బట్టి ఆలోచించాల. ఎన్ని?"

మా ఆమె నోరు తెరిచింది. తప్పు తన మీద వేసుకోబోతాందని తెలిసింది నాకు. నిజానికి సిరంజి పట్టుకున్న చేయి ఆమెదే, ఆమె ఒప్పుకుంటే ఎవరూ నన్ను అడగరు కూడా.

"ఐదు" అన్నాను. "ఐదు సార్. ఈమె వేస్తానంటే నేనే అడ్డం పడినా. స్కానింగులో కొట్లాట అయిపోయిందని చెప్పినా."

అప్పుడు తలెత్తినాడు. "ఏ స్కానింగులో? ఎవరు చూసినారప్పా ఆ కొట్లాట?"

"ఎవరూ చూడలేదు సార్."

ఆయన మళ్లా మంచం మీదికి వంగినాడు. ఇన్సులిన్ బొట్లు బొట్లుగా ఎక్కించే ఏర్పాటు చేసినాడు. ఆ రోజంతా గంటగంటకూ పిల్ల వేలు గుచ్చినారు. మధ్యాహ్నానికి కొడుకూ కోడలూ ఒంటిమిట్ట నుంచి వచ్చినారు. కొడుకు నాతో మాట్లాడలేదు. కోడలు, "మీరు ఇంటికి పోండి మామా" అంది. నేను పోలేదు, వరండాలో బెంచి మీద కూచున్నాను. ఎన్నేండ్లో వరండాలో కూచున్నవాళ్లకు జవాబులు చెప్పిన నాకు, ఆ బెంచి మీద కూచుంటే లోపల్నుంచి ఏ మాట వస్తాదో తెలీకపోవడం ఎట్లుంటాదో అప్పుడు తెలిసింది.

రెండో రోజు పొద్దున పిల్ల ఊపిరి మామూలైంది. ఇడ్లీ అడిగింది. ఆ కబురు కోడలే వచ్చి చెప్పింది, గోడ వైపు చూస్తా.

ఆ పూటే స్కానింగు డాక్టరమ్మ వచ్చింది, పిల్లను చూసిపోదామని. బెంచి మీద నా పక్కన కూచుని, వీధంతా తిరిగిన కథ మొత్తం నా నోటితోనే చెప్పించింది. ఆమెకు నిజంగా కోపం వచ్చింది.

"సార్, నేను చూసింది మిద్దె. బయట నిలబడి, మిద్దె గట్టిగా ఉండాది, గోడలు చీలలేదు అని చెప్పినా. లోపల కాపురంలో కొట్లాట ఉండాదో లేదో గోడను చూసి చెప్తారా ఎవరన్నా? ఇన్నేండ్లు ఫొటోలు తీసినారే!"

"తప్పే తల్లీ."

"పేపరు అచ్చేసి ఇచ్చింది నేను. రేప్పొద్దున ఎవరన్నా నన్ను అడిగితే?"

దానికీ తప్పే అన్నాను. ఆ వెంటనే నేను అడిగిన ప్రశ్నకు మీరు నన్ను తిట్టుకున్నా సరే. పిల్ల గండం గడిచింది, నా బుద్ధి నన్ను ఊరకుండనీయలేదు. నన్ను ఇంత దూరం తెచ్చిన ప్రశ్న అది, తొమ్మిదేండ్ల పిల్ల అడిగింది.

"ఐతే చూసే దారే లేదా?"

డాక్టరమ్మ కోపం మెల్లగా ఎటో పోయింది. చెప్పాలని ఆమెకూ ఉన్నట్టుంది. విదేశాల్లో దాని కోసం పాటుపడుతున్నారంట. కణం ఒక్కటొక్కటిగా కనపడదు, అది జరిగే పని కాదు. అందుకని కణాలకు ఏదో ఒక గుర్తు తగిలిస్తారు. రక్తం తీసి, దాంట్లోంచి తెల్లకణాల్ని వేరుచేసి, వాటికి రవ్వంత రేడియో ధార్మిక పదార్థం అంటించి మళ్లా ఒంట్లోకి వదుల్తారు. తర్వాత పెద్ద కెమెరా ముందు పడుకోబెట్టి యాడ గుమిగూడినాయో చూస్తారు. ఒంట్లో దాగిన చీము యాడుందో కనుక్కోను పెద్ద ఊర్లలో ఆ పని ఎప్పుడో మొదలైంది. ఇంకో దారి, కంటికి ఆనని ఇనుప రజను. దాన్ని నరంలోకి ఎక్కిస్తే కొట్లాట జరిగే చోట రక్తనాళాలు కారి రజను అక్కడ చేరుతుంది, కాపలా కణాలు దాన్ని మింగుతాయి. ఎమ్మారై అనే అయస్కాంతం స్కానింగులో ఆ చోటు నల్లగా కనపడుతుంది. సుగరు వచ్చిన ఎలుకల క్లోమంలో ఇట్ల చూసినారంట. మనుషుల్లో ఇంకా మొదటి అడుగులే.

నేను గడ్డం గోక్కుంటా విన్నాను. విని, "గొర్రెలకు జాజు పూసినట్టు" అన్నాను.

"ఏంది సార్?"

మాది కర్నూలు పక్క నల్లమల అంచు ఊరు. ఎండాకాలం నాలుగూర్ల మందలు మేతకు కొండల్లోకి పోయేవి. కలిసిపోతే ఎవరివి ఎవరివో తెలీదని, కాపరులు వాటి వీపున జాజు పూసేవాళ్లు, ఆ ఎర్రమట్టి రంగు. ఎదురుకొండ మీద నిలబడితే గొర్రె కనపడదు. ఎర్రచుక్కలు కనపడతాయి. చుక్కలన్నీ ఒకచోట చేరినాయంటే అక్కడ నీళ్ల చెలమో, పచ్చి మేతో దొరికినట్టు. దీంట్లో ఉబ్బించింది ఏమీ లేదు. నేను నిజంగా చూసిందే.

డాక్టరమ్మ నవ్వింది, రెండు రోజుల్లో నేను చూసిన మొదటి నవ్వు. "అంతే సార్. ఐతే రెండు చిక్కులుండాయి. గొర్రె చచ్చిపోతే దాని వీపు మీది జాజు రాలి, పక్కన పోయే మేకకు అంటుకుంటాది. మనం మేకను చూసి గొర్రె అనుకుంటాం. ఇంకోటి, జాజు పూస్తానే గొర్రె నీరసపడితే అది పోవాల్సిన చోటికి పోదు. మనకు కనపడే మంద నిజమైన మంద గాదు."

"మరి ఇంత కష్టం దేనికి తల్లీ? సుగరు ఉన్నట్టు రక్తంలోనే తెలిసిపాయె గదా?"

"దప్పిక మొదలయ్యేసరికే శానా మటుకు తినేసింటాయి సార్. ముందే కనపడితే ఆపను చూడొచ్చు. కొట్లాట ఆపే మందు కనిపెట్టినా, ఆగిందో లేదో లోపలికి చూడాల గదా."

అంటే నేను తెర మీద చుక్కల్ని చూపించి ఒక్క నిమిషంలో తేల్చేసిన మాటను చెప్పడానికి, తెలివైనవాళ్లు ఏండ్ల తరబడి ఎలుకల చుట్టూ తిరుగుతున్నారన్నమాట. సిగ్గేసింది. సిగ్గుతో పాటు, అబద్ధమెందుకు, ఆశ కూడా పుట్టింది. నేను జీవితమంతా కదలొద్దని చెప్పి, ఊపిరి బిగబట్టించి, ఫొటోలు తీసినాను. కదిలేవాటిని, పోయి గుంపుగూడే వాటిని ఫొటో తీయొచ్చనే ఆలోచన నాకు చీకటి గదిలో ఒక్కనాడూ రాలేదు.

ఐదో రోజు పిల్లను ఇంటికి తెచ్చినాం. ఆ సాయంత్రం సూది వేళకు అందరూ మా కొడుకు ఇంట్లోనే ఉన్నారు. కోడలు సిరంజిలోకి మందు ఎక్కించి మంచం దగ్గరికి వచ్చింది. పిల్ల దుప్పటి మెడ దాకా లాక్కుని గోడవార ముడుచుకుంది.

"నాకు వద్దు."

"ఆసుపత్రిలో ఏపిచ్చుకుంటివి గదా?"

"అప్పుడు జరం. ఇప్పుడు బాగుండా. కొట్లాట అయిపోయిందని తాత చూసినాడు."

కోడలు బుజ్జగించింది. కొడుకు గద్దించినాడు. దుప్పటి ఇంకా బిగుసుకుంది. ఇద్దరు పట్టుకుని పొడవచ్చు, ఈ పూటకు. రేపు? ఎల్లుండి? జీవితమంతా రోజుకు రెండుసార్లు ఎవరు పట్టుకుంటారు? మా ఆమె గడప దగ్గర కూచుని ఉంది. కొడుకు నా వైపు తిరిగినాడు. ఐదు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"నువ్వే చెప్పు నాయనా."

మంచం అంచున కూచున్నాను. నోట్లో ఒక తీయటి అబద్ధం సిద్ధంగానే ఉంది, మళ్లా చిన్న కొట్లాట లేచిందని, ఈ సూదితో దాన్ని అణచొచ్చని. పిల్ల నమ్మేది. సూది వేయించుకునేది కూడా.

"నేను చూడలేదు అమ్మీ" అన్నాను. "ఆ చుక్కలు యంత్రానివి. ఎవరి కడుపు చూసినా ఉంటాయి. నా కడుపులో గూడా."

దుప్పటి కొంచెం కిందికి దిగింది. "ఐతే అవి ఎవురు?"

"ఎవురూ గారు."

"అలిసిపోయినాయంటివి?"

"అబద్ధం."

"కొట్లాట అయిపోయిందంటివి?"

"అదీ అబద్ధమే. అయిపోయిందో, ఇంకా జరుగుతాందో నాకు తెలీదు. చూసే యంత్రం నా దగ్గర లేదు, డాక్టరమ్మ దగ్గర లేదు. నీ కోసం అట్ల చెప్తే నువ్వు మురిసిపోతావని చెప్పినా. నేనూ మురిసిపోయినా."

పిల్ల ఏడుస్తాదనుకున్నాను. కోప్పడతాదనుకున్నాను.

"యాడా లేదా ఆ యంత్రం?"

అప్పుడు గొర్రెల సంగతి చెప్పినాను. జాజు, ఎదురుకొండ, ఎర్రచుక్కలు, ఎలుకలు, మేకకు అంటుకునే రంగు, అన్నీ. ఒక్క గొర్రెను కూడా ఎక్కువ చేయలేదు. పిల్ల దుప్పటి నడుము దాకా జారింది. కోడలు సిరంజి పట్టుకుని నిలబడే ఉంది, ఆమె కూడా వింటా ఉంది.

"ఎలుకకు చక్కిలిగింతలు పెట్టవా ఇనప రజను?"

"తెలీదు."

"మనుషులకు ఎప్పుడు వస్తాది?"

"తెలీదు అమ్మీ."

"వచ్చినప్పుడు నాకే మొదట చూపిస్తావా?"

నాలుక చివర దాకా వచ్చింది. చూపిస్తా, నా మాట అంటే వాళ్లు కాదంటారా, అని. మింగేసినాను. "అడుగుదాం" అన్నాను. "నీకే మొదట చూపిస్తారో లేదో. అడగడం మాత్రం నేను అడుగుతా."

"అంతదాకా సూదేనా?"

"అంతదాకా సూదే."

పిల్ల కొంచెంసేపు దుప్పటి మీది చారల్ని వేలితో గీస్తా ఆలోచించింది. తర్వాత దుప్పటి కాళ్లతో తన్నేసి గౌను అంచు పైకి మడుచుకుంది.

"ఈ కాలికి గాదమ్మా" అంది వాళ్లమ్మతో. "పొద్దున దీనికే ఏసినారు."